స్కాన్‌లో కొత్త మచ్చ కనిపిస్తే క్యాన్సర్ పాకినట్టేనా?

ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నవారు, వారి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



స్కాన్ రిపోర్టు వచ్చే రోజున క్యాన్సర్ రోగి ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. కవరు విప్పగానే చదువుకున్న పిల్లలు రిపోర్టు చివరి నాలుగు వరుసలు చదువుతారు. "ఛాతీలో గ్రంథులు కొత్తగా పెరిగాయి", "ఊపిరితిత్తులలో కొత్త మచ్చలు ఉన్నాయి" అన్న మాటలు కనిపిస్తే ఇంకేమీ చదవరు. ఆ రిపోర్టు డాక్టరుగారి బల్ల మీదికి చేరకముందే "పాకిపోయిందట" అన్న మాట బంధువులందరికీ చేరిపోతుంది. కొందరు ఆ రోజుతోనే చికిత్స మానేసి, మిగిలిన డబ్బుతో ఊరికి వెళ్ళిపోతారు.

క్యాన్సర్ రోగికి స్కాన్‌లో కొత్త మచ్చ వస్తే చాలాసార్లు అది నిజంగా జబ్బు పాకడమే. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. అయితే ఇమ్యూనోథెరపీ అనే చికిత్స తీసుకుంటున్నవారి విషయంలో ఇంకొక అవకాశం కూడా ఉంది. ఆ మందు వల్ల కలిగిన వాపు కూడా స్కాన్‌లో అచ్చం క్యాన్సర్ పాకినట్టే కనిపించవచ్చు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. స్కాన్ మచ్చను చూపిస్తుంది గాని, ఆ మచ్చ ఎందువల్ల వచ్చిందో ప్రతిసారీ చెప్పలేదు. కారణం తేలేవరకు తీర్పు చెప్పకూడదు.

ఇమ్యూనోథెరపీ అంటే ఏమిటి?

మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు శరీరానికి కాపలాదారులు. బయటి నుండి వచ్చిన క్రిములనే గాక, లోపల దారి తప్పిన కణాలను కూడా అవి గుర్తుపట్టి చంపుతాయి. ఈ కాపలాదారులు అదుపు తప్పి సొంత అవయవాల మీదే పడకుండా సృష్టికర్త వాటికి కొన్ని బ్రేకులు కూడా అమర్చాడు. క్యాన్సర్ కణాలు ఆ బ్రేకులను నొక్కి పట్టి కాపలాదారులను కదలనివ్వకుండా చేస్తాయి.

ఇమ్యూనోథెరపీ మందులలో ముఖ్యమైన రకం ఆ బ్రేకులను విడిపించేది. కీమోథెరపీ మందు క్యాన్సర్ కణాన్ని నేరుగా దెబ్బ తీస్తుంది. ఇది అలా కాదు. మన సొంత తెల్లకణాలకు పని అప్పగిస్తుంది. ఈ బ్రేకుల గురించి పరిశోధించినందుకు అమెరికాకు చెందిన జేమ్స్ అలిసన్‌కు, జపాన్‌కు చెందిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమానం లభించింది. ఈ రకం మందులలో మొదటిదైన ఇపిలిముమాబ్‌కు 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ మందులకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మన దేశంలో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, నోరు, గొంతు మొదలైన అవయవాల క్యాన్సర్లకు ఈ మందులు వాడుతున్నారు. వీటి ఖరీదు ఎక్కువ. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు తల, మెడ భాగాల క్యాన్సర్‌కు నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువగా, అంటే 20 మిల్లీగ్రాములు చొప్పున, ఇతర మందులతో కలిపి ఇచ్చి మేలు కలుగుతుందని 2023లో ప్రచురించారు. ఇటువంటి ప్రయత్నాల వలన సామాన్య కుటుంబాలకు కూడా ఈ చికిత్స కొంత అందుబాటులోకి వస్తున్నది. అందుచేతనే దీని మంచిచెడ్డలు మన సంఘాలలో అందరికీ తెలియాలి.

బ్రేకులు విడిచిన బండి ఒక్క దారినే పోదు. మేల్కొన్న తెల్లకణాలు క్యాన్సర్ గడ్డ మీదికే గాక, కొందరిలో ఊపిరితిత్తులు, పేగులు, కీళ్ళు, థైరాయిడ్ వంటి మంచి అవయవాల మీదికి కూడా వెళతాయి. అక్కడ వాపు వస్తుంది. ఇవే ఈ చికిత్స దుష్ఫలితాలు. చాలామందిలో ఇవి మొదటి కొద్ది నెలలలో కనిపిస్తాయి. కొందరిలో మాత్రం మందు ఆపిన తరువాత, కొన్ని నెలలు గడిచాక కూడా రావచ్చు.

స్కాన్ దేనిని చూస్తుంది?

సి.టి. స్కాన్ అవయవాల ఆకారాన్ని, పరిమాణాన్ని చూపుతుంది. ఒక గ్రంథి పెద్దదైందని చెబుతుంది. అందులో ఉన్నవి క్యాన్సర్ కణాలా, వాపు కణాలా అన్నది ఆకారాన్ని బట్టి కొంతవరకే ఊహించగలం.

పెట్ స్కాన్ ఇంకొక విధంగా పనిచేస్తుంది. గ్లూకోజు వంటి ఒక పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత చేర్చి నరంలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా తినే కణాలు ఎక్కడ ఉంటే అక్కడ వెలుగు కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలకు ఆకలి ఎక్కువ కాబట్టి అవి వెలుగుతాయి. కాని పోరాటంలో ఉన్న తెల్లకణాలకు కూడా ఆకలి ఎక్కువే. అందువల్ల క్షయ గ్రంథి, మానుతున్న గాయం, నెమ్ము, వాచిన కీలు కూడా పెట్ స్కాన్‌లో వెలుగుతాయి. మెదడు ఆరోగ్యంగా ఉన్నా వెలుగుతుంది. మూత్రాశయం కూడా అంతే, ఎందుకంటే ఆ పదార్థం మూత్రంలోనే బయటికి పోతుంది.

దూరం నుండి పొగ కనిపిస్తే ఇల్లు తగలబడుతున్నదో, వంటకు పొయ్యి వెలిగించారో చెప్పలేము. దగ్గరికి వెళ్ళి చూడాలి. స్కాన్‌లోని వెలుగు కూడా అటువంటి పొగే.

క్యాన్సర్ పాకినట్టు కనిపించే దుష్ఫలితాలు

1. ఛాతీలోని గ్రంథుల వాపు. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మనందరికీ తెలుసు. తెల్లకణాలు గ్రంథులలో గుమికూడడమే దానికి కారణం. ఇమ్యూనోథెరపీ తీసుకునే కొందరిలో ఊపిరితిత్తుల మొదట, గుండె వెనుక ఉండే గ్రంథులు ఇదే విధంగా ఉబ్బుతాయి. వాటిలో తెల్లకణాలు చిన్న చిన్న ముద్దలుగా కడతాయి. ఈ ముద్దలను గ్రాన్యులోమాలు అంటారు. సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బులో కూడా ఇలాగే జరుగుతుంది కాబట్టి, దీనిని సార్కాయిడ్ వంటి ప్రతిచర్య అని వైద్యులు పిలుస్తారు. ఇది క్యాన్సర్ కాదు. అయినా సి.టి.లో గ్రంథి పెద్దదిగానూ, పెట్‌లో బాగా వెలుగుతూనూ కనిపిస్తుంది. ఛాతీకి రెండు వైపులా ఒకే తీరుగా గ్రంథులు ఉబ్బడం దీనికి ఒక గుర్తు. చాలామందికి ఏ బాధా ఉండదు, స్కాన్‌లోనే బయటపడుతుంది.

2. ఊపిరితిత్తుల వాపు. దీనిని న్యూమోనైటిస్ అంటారు. పి.డి.-1 అనే బ్రేకును విడిపించే మందు ఒక్కటే తీసుకునేవారిలో నూటికి సుమారు ముగ్గురు నుండి ఐదుగురికి ఇది రావచ్చు. రెండు రకాల ఇమ్యూనోథెరపీ కలిపి ఇచ్చినప్పుడు ఇంకా ఎక్కువమందికి వస్తుంది. స్కాన్‌లో ఇది పొగమంచు కమ్మినట్టు కనిపించవచ్చు, నెమ్ము లాగా కనిపించవచ్చు. కొన్నిసార్లు గుండ్రని మచ్చలుగా ఏర్పడి క్యాన్సర్ గడ్డలనే భ్రమ కలిగిస్తుంది. మచ్చలు చూడటానికి చిన్నవైనా ఈ దుష్ఫలితం ప్రాణాంతకం కావచ్చు.

3. పిట్యూటరీ గ్రంథి వాపు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే ఈ గ్రంథి వాచినప్పుడు ఎం.ఆర్.ఐ.లో అక్కడికి క్యాన్సర్ చేరినట్టు అనిపించవచ్చు. తలనొప్పి, విపరీతమైన నీరసం, కళ్ళు తిరగడం, రక్తంలో సోడియం తగ్గడం దీని లక్షణాలు. రక్తంలోని హార్మోన్ల పరీక్ష సంగతి తేల్చడానికి చాలా సహాయపడుతుంది. ఇపిలిముమాబ్ వాడినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

4. థైరాయిడ్, పేగులు. మెడలోని థైరాయిడ్ గ్రంథి అంతా ఒకే తీరుగా వెలగడం, పెద్దపేగు పొడవునా వెలగడం తరచుగా వాపుకు గుర్తులు. క్యాన్సర్ అయితే సాధారణంగా ఒక చోట ముద్దగా కనిపిస్తుంది. థైరాయిడ్ వాపు తగ్గాక ఆ గ్రంథి పని మందగించి, రోజూ మాత్ర వేసుకోవలసి రావచ్చు.

5. కీళ్ళు, కండరాలు, చర్మం. రెండు భుజాలు, రెండు తుంటి కీళ్ళు వాచి వెలుగుతూ ఉంటే ఎముకలకు పాకిందేమోనన్న అనుమానం కలుగుతుంది. చర్మం కింద కొత్తగా తగిలే గడ్డలు కూడా అలాగే భయపెడతాయి. ఉదయం లేవగానే కీళ్ళు బిగుసుకుపోతున్నాయా అన్న చిన్న ప్రశ్న ఇక్కడ వైద్యునికి మంచి ఆధారమిస్తుంది.

గడ్డే పెరిగినట్టు కనిపించడం

పైన చెప్పినవన్నీ వేరే చోట్ల వచ్చే వాపులు. ఇవిగాక, ఉన్న క్యాన్సర్ గడ్డే మొదటి స్కాన్‌లో పెద్దదై, తరువాతి స్కాన్‌లో చిన్నదయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. క్యాన్సర్ మీద యుద్ధానికి వచ్చిన తెల్లకణాలు గడ్డలోకి చొరబడినప్పుడు గడ్డ ఉబ్బుతుంది. ఇది పైకి కనిపించే పెరుగుదలే గాని, జబ్బు పెరుగుదల కాదు. చర్మంపై వచ్చే మెలనోమా అనే క్యాన్సర్‌కు ఇపిలిముమాబ్ ఇచ్చిన రోజులలోనే వైద్యులు దీనిని గమనించారు.

అయితే ఇది అరుదు. చాలా రకాల క్యాన్సర్లలో నూటికి పదిమంది కంటే తక్కువమందిలోనే ఇలా జరుగుతుంది. కనుక గడ్డ పెరిగిన ప్రతివారూ "ఇది ఉత్తి వాపే" అనుకొని ఊరుకోకూడదు.

2017లో అంతర్జాతీయ నిపుణులు ఇమ్యూనోథెరపీ స్కాన్లు చదవడానికి ఒక పద్ధతిని ప్రచురించారు. ఔషధ పరిశోధనల కోసం తయారు చేసినదే అయినా, దాని సారాంశం అందరికీ ఉపయోగపడుతుంది. మొదటిసారి పెరుగుదల కనిపించినప్పుడు దానిని "ఇంకా నిర్ధారణ కాని పెరుగుదల" అని మాత్రమే రాయాలి. రోగి స్థితి నిలకడగా ఉంటే, నాలుగు నుండి ఎనిమిది వారాలలో మరల స్కాన్ చేసి, ఇంకా పెరిగితేనే నిర్ధారించాలి.

బైబిలు చదివేవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. లేవీయకాండము 13వ అధ్యాయంలో చర్మం మీద మచ్చ వచ్చిన మనిషిని యాజకుడు ఎలా పరీక్షించాలో వివరంగా ఉంది. మచ్చ అనుమానంగా ఉంటే వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినాలు వేరుగా ఉంచి, ఏడవనాడు మరల చూస్తాడు. మచ్చ వ్యాపించకపోతే ఇంకొక ఏడు దినాలు ఆగి, ఇంకొకసారి చూస్తాడు. ఆ కాలంలో స్కాన్లు లేవు, సూక్ష్మదర్శినులు లేవు. అయినా ఒక్క చూపుతో మనిషి బ్రతుకును తేల్చివేయకూడదన్న జాగ్రత్త ఉన్నది.

మన దేశంలో ఇంకొక చిక్కు: క్షయ

ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు మన దేశంలోనే ఉన్నారు. చాలామంది శరీరంలో క్షయ క్రిములు నిద్రపోతూ ఉంటాయి. క్యాన్సర్ వలన బలహీనపడినప్పుడు, స్టిరాయిడ్లు వాడినప్పుడు అవి మేల్కొనవచ్చు. ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నవారిలో క్షయ బయటపడిన సంఘటనలు కూడా వైద్య పత్రికలలో వచ్చాయి.

క్షయలో కూడా ఛాతీ గ్రంథులు ఉబ్బుతాయి. ఊపిరితిత్తులలో మచ్చలు వస్తాయి. పెట్ స్కాన్‌లో వెలుగుతాయి. సూక్ష్మదర్శిని కింద గ్రాన్యులోమాలే కనిపిస్తాయి. క్షయ గ్రాన్యులోమాల మధ్య భాగం తరచుగా కుళ్ళి జున్నులాగా అవుతుంది, సార్కాయిడ్ వంటి ప్రతిచర్యలో సాధారణంగా అలా కాదు. కాని ఈ తేడా ఒక్కటే చూసి నిర్ణయించడం క్షేమం కాదు.

ఇక్కడ పొరపాటు ఎంత ప్రమాదమో గమనించండి. ఒకే రకం మచ్చకు మూడు కారణాలు ఉండవచ్చు.

క్యాన్సర్ పాకినదైతే, మందు మార్చాలి.

ఇమ్యూనోథెరపీ వల్ల వచ్చిన వాపైతే, కొందరికి ఏ మందూ ఇవ్వకుండా గమనిస్తే చాలు. కొందరికి ఇమ్యూనోథెరపీని కొంతకాలం ఆపి స్టిరాయిడ్లు ఇవ్వాలి.

క్షయ అయితే, కనీసం ఆరు నెలలు క్షయ మందులు వాడాలి. క్షయ అని తెలియక స్టిరాయిడ్లు మాత్రమే ఇస్తే ఆ జబ్బు చెలరేగిపోతుంది.

ఒకరి మందు ఇంకొకరికి విషమవుతుంది. అందుకే "చూస్తే తెలిసిపోతోంది కదా, ఇంకా పరీక్షలెందుకు?" అని డాక్టరుగారిని తొందరపెట్టవద్దు. తీసిన ముక్కను, కళ్ళెను క్షయ క్రిముల కోసం కూడా పరీక్షించాలి. జన్యు పద్ధతిలో చేసే సి.బి.నాట్ పరీక్షలో యంత్రం సుమారు రెండు గంటలలోనే ఫలితం చూపుతుంది. కల్చర్ పరీక్షకు కొన్ని వారాలు పడుతుంది.

మనకు తెలిసిన బి.సి.జి. కూడా ఒక ఉదాహరణే

మనలో చాలామందికి భుజం మీద బి.సి.జి. టీకా మచ్చ ఉంది. క్షయ రాకుండా పసిపిల్లలకు వేసే ఈ టీకా క్యాన్సర్ చికిత్సకు కూడా ఉపయోగపడుతుంది. మూత్రాశయం లోపలి పొరలో వచ్చే క్యాన్సర్‌కు బి.సి.జి.ని గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తే, తెల్లకణాలు మేల్కొని క్యాన్సర్‌ను ఎదుర్కొంటాయి. కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ 1976లో దీనిని లోకానికి తెలియజేశాడు. నేటికీ ఇది ముఖ్యమైన చికిత్సే. మొదట వారానికొకసారి చొప్పున ఆరు వారాలు ఇస్తారు.

బి.సి.జి. తీసుకున్న కొందరు పురుషులలో ప్రోస్టేట్ గ్రంథిలో గ్రాన్యులోమాలు ఏర్పడతాయి. అవి ఎం.ఆర్.ఐ.లో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పోలి ఉంటాయి. పి.ఎస్.ఏ. అనే రక్త పరీక్ష కూడా పెరగవచ్చు. బయాప్సీ చేస్తే గాని తేడా తెలియదు. బి.సి.జి. తీసుకున్న సంగతిని స్కాన్ చదివే వైద్యునికి ముందుగా చెబితే ఆయన ఆలోచన సరైన దారిలో నడుస్తుంది.

వైద్యులు ఎలా తేలుస్తారు?

మొదట రోగిని చూస్తారు. స్కాన్‌లో కొత్త మచ్చలున్నా, రోగి మునుపటి కంటే బాగా తింటూ, బరువు నిలుపుకొని, నొప్పి తగ్గి ఉంటే మచ్చలను అనుమానంతో చూడవలసిందే. స్కాన్ చెడి, మనిషి కూడా రోజురోజుకు క్షీణిస్తుంటే అది నిజమైన పెరుగుదల కావడానికే ఎక్కువ అవకాశం.

రెండవది, పాత స్కాన్లతో పోలిక. అసలు గడ్డ చిన్నదవుతూ, ఛాతీకి రెండు వైపులా గ్రంథులు మాత్రం కొత్తగా ఉబ్బితే ఆ రెండు సంగతులు పొసగవు. అటువంటప్పుడు వాపును గురించి ఆలోచిస్తారు.

మూడవది, రక్త పరీక్షలు. థైరాయిడ్, కార్టిసాల్, కాలేయం, చక్కెర మొదలైనవి చూస్తారు.

నాలుగవది, కొంత వ్యవధి తరువాత మరల స్కాన్.

ఐదవది, బయాప్సీ, అంటే ముక్క పరీక్ష. ఛాతీ గ్రంథుల కోసం ఇప్పుడు ఛాతీ కోయనవసరం లేదు. నోటి ద్వారా శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి, దాని చివరనున్న అల్ట్రాసౌండ్‌తో గ్రంథిని చూస్తూ సూదితో కొద్దిపాటి కణాలను తీస్తారు. ముక్క పరీక్ష చేస్తే క్యాన్సర్ చెదిరిపోయి పాకుతుందని మన ఊళ్ళలో ఒక భయం ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకుంటే పోగొట్టుకునేదే ఎక్కువ. తగిన పద్ధతిలో చేసిన బయాప్సీ వలన అటువంటి హాని చాలా అరుదు.

బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చినా గమనించడం మానకూడదు. సూది క్యాన్సర్ ఉన్న చోట తగలకపోవచ్చు. క్యాన్సర్ గ్రంథి పక్కనే గ్రాన్యులోమాలు కూడా ఉండవచ్చు. అందుకే తరువాతి స్కాన్‌లు తప్పవు.

ఆలస్యం చేయక రావలసిన లక్షణాలు

మచ్చ క్యాన్సర్ కాదని తెలిసినా, ఇమ్యూనోథెరపీ దుష్ఫలితాలు కొన్ని త్వరగా ముదురుతాయి. కింది లక్షణాలు కనిపిస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు.

• కొత్తగా ఆయాసం, తగ్గని పొడి దగ్గు, ఛాతీ నొప్పి
• రోజుకు మామూలు కంటే నాలుగైదుసార్లు ఎక్కువగా విరేచనాలు, మలంలో రక్తం, తీవ్రమైన కడుపునొప్పి
• తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, స్పృహ తప్పడం
• కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం
• కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, కండరాల బలహీనత
• విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం రావడం
• ఒంటిమీద బొబ్బలు, నోటిలో పుండ్లు

రాత్రివేళ దగ్గరలోని ఆర్.ఎం.పి. దగ్గరికో, వేరే ఆసుపత్రికో వెళ్ళవలసి వస్తే మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది: "మేము క్యాన్సర్‌కు ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నాము." చాలామంది "కీమో ఎక్కించారు" అని చెబుతారు. ఆ రెండింటి దుష్ఫలితాలు వేరు, వాటి వైద్యం కూడా వేరు. మందు పేరు, చివరిసారి ఎక్కించిన తేదీ, డాక్టరుగారి ఫోను నంబరు ఒక కార్డు మీద రాసి రోగి జేబులోనో, చేతిసంచిలోనో ఎప్పుడూ ఉంచండి.

స్టిరాయిడ్లు ఇచ్చినట్లయితే బాగుందనిపించగానే ఆపవద్దు. వాటిని కొన్ని వారాలపాటు మెల్లమెల్లగా తగ్గించాలి. తటాలున ఆపితే వాపు తిరగబెడుతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ రోజులలో రక్త పరీక్ష తరచుగా చేయించుకోవాలి.

స్కాన్‌కు వెళ్ళేటప్పుడు

1. పాత ఫిల్ములు, సి.డి.లు, రిపోర్టులు అన్నీ వెంట తీసుకువెళ్ళండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. పోల్చడానికి బొమ్మలు కావాలి.

2. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే రకం స్కాన్ చేయించుకోండి.

3. ఇమ్యూనోథెరపీ లేదా బి.సి.జి. తీసుకున్న సంగతి, మొదలుపెట్టిన తేదీ స్కాన్ చేసేవారికి చెప్పండి.

4. ఇటీవల వేయించుకున్న టీకాలు, ఏ చేతికి వేశారో చెప్పండి. 2021లో కోవిడ్ టీకాలు వేసిన రోజులలో చంకలో గ్రంథులు ఉబ్బి, క్యాన్సరేమోనని చాలామంది కలవరపడ్డారు.

5. జ్వరం, దంతాల చీము, దెబ్బలు, ఆపరేషన్లు ఉంటే చెప్పండి. తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్ తీసుకున్నా చెప్పండి. దాని వలన ఎముకల లోపలి మూలుగ పెట్‌లో వెలుగుతుంది.

6. పెట్ స్కాన్‌కు ముందు కొన్ని గంటలు పరగడుపున ఉండాలి. మంచినీళ్ళు తాగవచ్చు. చక్కెర వ్యాధి మందుల విషయం ముందురోజే అడిగి తెలుసుకోండి.

పాఠకులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: దుష్ఫలితాలు వచ్చాయంటే మందు బాగా పనిచేస్తున్నట్టేనా?
జవాబు: కొన్ని అధ్యయనాలలో దుష్ఫలితాలు వచ్చినవారికి మేలు కూడా ఎక్కువగా కలిగినట్టు కనిపించింది. కాని ఒక్కొక్క రోగి విషయంలో అది హామీ కాదు. దుష్ఫలితాలు లేనివారికి మందు పనిచేయడం లేదని కూడా కాదు.

ప్రశ్న: గ్రంథులు ఉబ్బడం మందు వలననే అని తేలింది. ఇమ్యూనోథెరపీ ఇక ఎన్నటికీ తీసుకోకూడదా?
జవాబు: అలా అని లేదు. బాధలేమీ లేని గ్రంథుల వాపులో చాలాసార్లు మందు కొనసాగించవచ్చు, లేదా కొంతకాలం ఆపి మరల మొదలుపెట్టవచ్చు. ఊపిరితిత్తులో, గుండెో తీవ్రంగా దెబ్బతింటే మాత్రం శాశ్వతంగా ఆపవలసి రావచ్చు.

ప్రశ్న: డాక్టరుగారిని ఏమని అడగాలి?
జవాబు: మూడు ప్రశ్నలు చాలు. "ఈ మచ్చ మందు వలన వచ్చిన వాపు కావచ్చా? క్షయ కావచ్చా? ముక్క పరీక్ష చేయాలా, ఆగి మరల స్కాన్ చేయాలా?" ఇలా అడగడం డాక్టరుగారిని అవమానించడం కాదు. ఆయన ఇప్పటికే ఆలోచించి ఉంటే మీకు వివరిస్తారు.

సంఘ కుటుంబాలకు ఒక మాట

నిజాన్ని రెండు విధాలుగా పోగొట్టుకోవచ్చు. వాపును క్యాన్సర్ అనుకొని, పనిచేస్తున్న మందును మానేయడం ఒకటి. క్యాన్సర్ నిజంగా పెరుగుతున్నా వాపు అనుకొని, మారవలసిన మందును మార్చకపోవడం రెండవది. ఈ వ్యాసం చదివి ఎవరైనా తమ రిపోర్టును తామే కొట్టివేస్తే మా ఉద్దేశం దెబ్బతిన్నట్టే. నిర్ధారణ అయ్యేవరకు ఓపిక పట్టడం, నిర్ధారణ అయ్యాక దానిని అంగీకరించి తరువాతి మెట్టుకు వెళ్ళడం, రెండూ కావాలి.

ఎదురుచూసే ఆ నాలుగు నుండి ఎనిమిది వారాలు రోగికి ఎంతో కష్టమైనవి. ఆ రోజులలో పరామర్శకు వెళ్ళేవారు "మా బంధువుకు కూడా ఇలాగే పాకింది" అన్న కథలు చెప్పవద్దు. "విశ్వాసం ఉంటే స్కాన్ ఎందుకు?" అని కూడా అనవద్దు. యోబు ఒంటిమీది కురుపులను చూసి, కారణం తమకు తెలుసునని అతని స్నేహితులు వాదించారు. వారు చెప్పిన కారణం తప్పని ఆ గ్రంథం చివర తేలింది. వారు చేసిన మేలు ఏదైనా ఉంటే, మొదటి ఏడు దినాలు మాట్లాడక అతని పక్కన నేల మీద కూర్చోవడమే.

మనం కూడా అలా కూర్చోగలం. ఆసుపత్రికి తోడు వెళ్ళగలం. పాత ఫిల్ముల కవరు మోయగలం. పిల్లలకు ఒక పూట అన్నం పెట్టగలం. రోగి కోసం, రిపోర్టు చదివే వైద్యుల వివేకం కోసం ప్రార్థించగలం. స్వస్థపరచే దేవుడు మీకు, మీ ఇంటివారికి నెమ్మదిని, ధైర్యాన్ని దయచేయును గాక.